మెదక్ చర్చి గవాక్షాలకు ప్రాణం పోసిన సాలిస్‌బరీ

రాజులను, అధ్యక్షులను చిత్రించిన ఆంగ్ల కళాకారుడు
గాజు పనివాడిగా మొదలై.. గాజుతోనే చిరస్మరణీయుడు

మెదక్: మెదక్ చర్చిలో అడుగుపెట్టిన వారి చూపు మొదట నిలిచేది వేదిక వెనుకనున్న ఎత్తయిన గవాక్షం మీద. బయట ఎండ ముదిరేకొద్దీ గాజులోని నీలం, ఎరుపు, పసుపు వర్ణాలు ఒక్కొక్కటిగా మేల్కొంటాయి. పరలోకానికి ఆరోహణమవుతున్న క్రీస్తు రూపం కళ్ల ముందు నిలుస్తుంది. ఇరుపక్కలా ఉన్న మరో రెండు గవాక్షాల్లో క్రీస్తు జననం, శిలువ దృశ్యం దర్శనమిస్తాయి. పొద్దు వాలితే ఈ బొమ్మలన్నీ అదృశ్యమై నల్లని గాజు మాత్రమే మిగులుతుంది. క్రిస్మస్ వేడుకలకు, ఆదివారం ఆరాధనలకు తరలివచ్చేవారు ఈ వింతను చూసి అబ్బురపడటం పరిపాటి. అయితే ఈ గాజుకు రూపమిచ్చిన కళాకారుని జీవితం గురించి తెలిసినవారు అరుదు.

ఆయన పేరు ఫ్రాంక్ ఓవెన్ సాలిస్‌బరీ. బ్రిటన్ రాజవంశీకులను, అమెరికా అధ్యక్షులను ఎదురుగా కూర్చోబెట్టుకుని చిత్రించిన వ్యక్తి. తన కాలంలో ఇంటింటా వినిపించిన పేరు. కాలక్రమంలో ఆ ఖ్యాతి మసకబారింది. కానీ ఆయన బాల్యంలో నేర్చిన గాజు విద్య మాత్రం మెదక్‌లో నేటికీ ప్రతి ఉదయం వెలుగుతూనే ఉంది.

సైకిళ్ల దుకాణంలో బాల్యం

ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతంలో హార్పెండెన్ ఓ చిన్న పట్టణం. 1874 డిసెంబరు 18న సాలిస్‌బరీ అక్కడ జన్మించారు. తండ్రి హెన్రీ సాలిస్‌బరీకి పదకొండు మంది సంతానం. నీటి గొట్టాలు బిగించడం, ఇళ్లకు రంగులు వేయడం, ఇనుప సామాను, సైకిళ్లు అమ్మడం ఆయన జీవనాధారం. ఆ రోజుల్లో గొట్టాల పనివారికి, కిటికీ అద్దాలు అమర్చేవారికి సీసమే ప్రధాన వస్తువు. పలుచోట్ల ఈ రెండు పనులనూ ఒకే కుటుంబం చేసేది. సీసం, గాజు ఆ ఇంటి బిడ్డకు కొత్త వస్తువులు కాకపోవడానికి కారణమిదే.

ఫ్రాంక్ పుట్టుకతోనే బలహీనుడు. తరచూ అనారోగ్యం పాలవుతుండటంతో బడికి పంపలేదు. అక్క ఎమిలీ ఇంటి దగ్గరే అక్షరాలు దిద్దించారు. కాస్త ఓపిక వచ్చాక తండ్రి దుకాణంలో సైకిళ్లు బాగుచేస్తూ కాలం గడిపాడు. ఈ పిల్లవాడు పెద్దయ్యాక ఏ పని చేసి బతుకుతాడన్నది ఆ ఇంటికి తేలని ప్రశ్నగానే ఉండి ఉంటుంది.

ఆ ప్రశ్నకు సమాధానం పెద్దన్నయ్య హెన్రీ జేమ్స్ రూపంలో లభించింది. సమీపంలోని సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో ఆయన రంగుటద్దాల కర్మాగారం నిర్వహిస్తుండేవారు. చర్చిలకు బొమ్మల గవాక్షాలు తయారుచేయడం అక్కడి పని. పదిహేనో ఏట ఫ్రాంక్ అందులో పని నేర్చుకునేందుకు చేరాడు.

నిప్పులో కాలే బొమ్మ

రంగుటద్దాల గవాక్షం అంటే అద్దం మీద రంగు పూయడం కాదు. ఒక్కో గవాక్షం వెనుక ఎన్నో చేతుల శ్రమ దాగి ఉంటుంది. తొలుత కిటికీ ఎంత ఎత్తు ఉంటుందో అంతే ఎత్తున కాగితంపై బొమ్మ గీస్తారు. దానిని ముక్కలు ముక్కలుగా విభజించి, ప్రతి ముక్కకూ తగిన రంగు గాజును కోస్తారు. ఆ రంగు పైపూత కాదు. గాజు కరుగుతున్నప్పుడే లోహపు భస్మాలు కలిపితే పుట్టే వర్ణమది. కోబాల్టు కలిపితే నీలం, బంగారమో రాగియో కలిపితే ఎరుపు వస్తాయి.

ఇక కనుబొమలు, పెదవులు, వేళ్లు, వస్త్రాల మడతలు చిత్రకారుని వంతు. గాజు పొడి, లోహ భస్మం కలిపిన గోధుమవన్నె, నలుపు రంగులతో వాటిని గీస్తారు. అనంతరం ముక్కలను బట్టీలో పెట్టి ఆరు వందల డిగ్రీలు దాటిన వేడిమిలో కాలుస్తారు. అప్పుడు గీత గాజులో కలిసిపోతుంది. గాలి, వాన దానిని చెరపలేవు. పసుపు ఛాయ కోసం గాజు వెనుక వెండి ద్రావణం పూసి కాల్చడం మరో మెలకువ. చివరకు ముక్కలన్నింటినీ సీసపు పట్టీలలో అమర్చి, కూడళ్ల వద్ద అతికి, సందుల్లో మైనం వంటి ముద్ద పట్టిస్తారు. బరువు మోసేందుకు ఇనుప కడ్డీలు బిగిస్తారు.

బట్టీలోకి పంపే ముందు గాజు మీద సన్నని గీతలు గీయడంలో ఫ్రాంక్ అనతికాలంలోనే అసాధారణమైన నేర్పు సంపాదించాడు. తమ్ముడి చేతిలోని విద్య కర్మాగారానికే పరిమితం కారాదని అన్నయ్య భావించారు. ఖర్చు తానే భరించి, వారానికి మూడు రోజులు లండన్‌లోని హీథర్లీ చిత్రకళాశాలకు పంపారు. సైకిళ్లు బాగుచేసిన కుర్రవాడు పద్దెనిమిదో ఏట ఉపకార వేతనంతో ప్రతిష్ఠాత్మకమైన రాయల్ అకాడమీ పాఠశాలలో ప్రవేశం పొందాడు. అక్కడ రెండు వెండి పతకాలు గెలుచుకున్నాడు. మరో ఉపకార వేతనం 1896లో ఆయనను ఇటలీకి చేర్చింది. ప్రాచీన కుడ్యచిత్రాలను, చర్చిల శోభను కళ్లారా చూసే భాగ్యం అలా దక్కింది.

రాజుల చిత్రకారుడు

1899లో రాయల్ అకాడమీ ప్రదర్శనలో సాలిస్‌బరీ తొలిచిత్రానికి చోటు లభించింది. అందులో చిత్రించిన ఆలిస్ మాడ్ గ్రీన్‌వుడ్‌నే ఆయన 1901లో వివాహమాడారు. వారికి సిల్వియా, మోనికా అనే కవల కుమార్తెలు కలిగారు.

ఆ తర్వాత ఆయన వెనుదిరిగి చూడలేదు. 1910లో బ్రిటిష్ పార్లమెంటు భవనంలో ఎనిమిదో హెన్రీ, రాణి కేథరిన్‌ల విచారణ ఘట్టాన్ని చిత్రించే అవకాశం దక్కింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి జట్లండ్ నౌకా సమరంలో, చుట్టూ సహచరులు నేలకూలినా తన ఫిరంగిని వీడక ప్రాణాలర్పించిన పదహారేళ్ల జాక్ కార్న్‌వెల్ చిత్రం ఆయనకు దేశమంతటా పేరు తెచ్చింది. 1919లో సెయింట్ పాల్స్ కేథడ్రల్ మెట్లపై జరిగిన శాంతి కృతజ్ఞతార్చన, 1920లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో అజ్ఞాత వీరుని ఖననం, 1935లో అయిదో జార్జి రజతోత్సవం, 1937లో ఆరో జార్జి పట్టాభిషేకం.. ఇలా బ్రిటన్ జాతీయ ఘట్టాలనేకం ఆయన కుంచెలో ఒదిగాయి.

రాజవంశానికి చెందిన పాతిక మంది ఆయన చిత్రాల్లో కొలువుదీరారు. చర్చిల్‌ను ఆయన చిత్రించినన్నిసార్లు మరే చిత్రకారుడూ చిత్రించలేదంటారు. ఆరుగురు అమెరికా అధ్యక్షులు ఆయన ముందు కూర్చున్నారు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను 1935లో చిత్రించారు. ఆ చిత్రం ప్రతి 1947లో శ్వేతసౌధానికి చేరి, అక్కడ రూజ్‌వెల్ట్ అధికారిక చిత్రంగా నిలిచింది. 1938లో బ్రిటన్ రాజు ఆయనను రాయల్ విక్టోరియన్ ఆర్డర్ కమాండర్ పురస్కారంతో గౌరవించారు.

ఇంత వైభవంలోనూ ఆయన తొలి వృత్తిని మరువలేదు. లండన్ గాజు పనివారి ప్రాచీన సంఘానికి 1933లో అధిపతిగా ఎన్నికయ్యారు. రాజభవనాలకు వెళ్లే చిత్రకారుడు తనను గాజు పనివాడిగా చెప్పుకునేందుకు ఏనాడూ సంకోచించలేదనడానికి ఇదే నిదర్శనం.

కరవు నేలపై కోవెల

సాలిస్‌బరీ లండన్‌లో పేరు తెచ్చుకుంటున్న రోజుల్లోనే నిజాం రాజ్యంలోని మెదక్‌లో మరో కథ నడుస్తోంది. 1895లో సికింద్రాబాద్‌కు వచ్చిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ అనంతరం మెదక్‌ను కార్యక్షేత్రంగా ఎంచుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కరవు, అంటువ్యాధులు ఈ ప్రాంతాన్ని పీడించాయి. తిండి లేక అలమటిస్తున్న పల్లెజనానికి ఊరకే ధర్మం చేయకుండా పని చూపి కూలి ఇవ్వాలని పాస్నెట్ సంకల్పించారు. 1914లో మొదలైన చర్చి నిర్మాణం పదేళ్లపాటు ఎన్నో కుటుంబాలకు బువ్వ పెట్టింది. 1924 డిసెంబరు 25న చర్చి ప్రతిష్ఠ జరిగింది. రెండు వందల అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు, నూట డెబ్భై అయిదు అడుగుల గోపురంతో ఆ రాతి కట్టడం నేటికీ చెక్కుచెదరలేదు.

ప్రతిష్ఠ జరిగిన మూడేళ్లకు, 1927లో వేదిక వెనుక ఆరోహణ గవాక్షం వెలసింది. సాలిస్‌బరీ కూడా పాస్నెట్ వలెనే మెథడిస్టు విశ్వాసి. మద్యం ముట్టనివారు, మత నిష్ఠ కలవారు. జాన్ వెస్లీ చిత్రాన్ని సైతం ఆయన గీశారు. రాజుల చిత్రకారునిగా వెలుగుతున్న దశలో ఆయన విద్య, కరవు కూలీలు రాళ్లెత్తిన కోవెలకు వెలుగునిచ్చింది.

క్రీస్తు జనన గవాక్షం 1947లోను, శిలువ గవాక్షం 1958లోను అమరాయి. అంటే మొదటి గవాక్షానికి, చివరి గవాక్షానికి మధ్య ముప్ఫై ఒక్క సంవత్సరాల ఎడం. తొలి గవాక్షం నాటికి మెదక్ నిజాం ఏలుబడిలో ఉంది. రెండోది వచ్చిన ఏడాది దేశానికి స్వాతంత్య్రం సిద్ధించినా ఇక్కడ నిజాం పాలన ఇంకా తొలగలేదు. దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించినదీ ఆ సంవత్సరంలోనే. మూడోది అమరేనాటికి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడి రెండేళ్లయింది. ఏలికలు మారారు, సరిహద్దులు మారాయి. గవాక్షాలను గీసిన వ్యక్తి మాత్రం ఒక్కరే. చివరి గవాక్షం వేళకు ఆయన వయసు ఎనభై మూడు.

మాయ కాదు, వెలుగు లెక్క

సాయంత్రమైతే బొమ్మలు మాయం కావడం వెనుక రహస్యమేదో ఉందని సందర్శకుల్లో పలువురి నమ్మకం. అసలు సంగతి సులభమే. గోడకు తగిలించిన చిత్రం తనపై పడిన వెలుగును మన కంటికి తిరిగి పంపుతుంది. గవాక్షంలోని గాజు వెలుగును తన గుండా పోనిస్తుంది. బయట సూర్యుడు ఉన్నంతసేపే లోపలివారికి బొమ్మ. చీకటి పడ్డాక లోపల దీపాలు వెలిగిస్తే అదే బొమ్మ బయట నిలిచినవారికి కనిపిస్తుంది. రంగుటద్దాల గవాక్షం ఏ దేశంలో ఉన్నా ఇదే తీరు.

సూత్రం తెలిసినంత మాత్రాన కళాకారుని ఘనత తగ్గదు. ఉదయపు లేత ఎండకు, మిట్టమధ్యాహ్నపు తీక్షణతకు, మబ్బు పట్టిన వేళకు ముఖంలోని కరుణ చెదరకుండా గీత ఎంత మందంగా ఉండాలో, ఏ రంగు పక్కన ఏ రంగు నిలవాలో ముందే ఊహించగలగాలి. బట్టీ నుంచి వచ్చాక దిద్దుకునే అవకాశం ఉండదు. సెయింట్ ఆల్బన్స్ కర్మాగారంలో పదిహేనేళ్ల కుర్రవాడు వంటబట్టించుకున్నది ఈ విద్యనే.

మసకబారిన కీర్తి

సాలిస్‌బరీ జీవిత చరమాంకంలో కళాలోకం మరో దారి పట్టింది. పికాసో వంటివారి నవ్య చిత్రకళ రాజ్యమేలసాగింది. ఆ ధోరణిని ఆయన తీవ్రంగా వ్యతిరేకించారు. విమర్శకులు ఆయనను పాతకాలపు మనిషిగా పక్కన పెట్టారు. రాయల్ అకాడమీలో డెబ్భై దాకా చిత్రాలు ప్రదర్శించినా, ఆ సంస్థ సభ్యత్వం మాత్రం ఆయనకు దక్కలేదు. 1944లో ఆత్మకథ వెలువరించారు. 1953లో దానిని మార్పులతో మళ్లీ ప్రచురించారు. 1962 ఆగస్టు 31న లండన్ హాంప్‌స్టెడ్‌లోని స్వగృహం సారమ్ ఛేజ్‌లో ఎనభై ఏడో ఏట కన్నుమూశారు. బడికి పంపలేనంత బలహీనుడైన బాలుడు తొమ్మిది దశాబ్దాలకు చేరువగా జీవించడం విశేషం. విశాలమైన ఆ భవనాన్ని ఆయన బ్రిటిష్ చర్చిల మండలికి రాసిచ్చారు.

చిత్రశాలల్లోని తైలవర్ణ చిత్రాలను చూడాలంటే లండన్‌కో, వాషింగ్టన్‌కో వెళ్లాలి. ఆయన గాజు పనిని చూడటానికి మెదక్ బస్సెక్కితే చాలు. రైతులు, కూలీలు, బడిపిల్లలు, వేరే మతాల వారు సైతం ఆ గవాక్షాల ముందు తలెత్తి నిలబడతారు. రాజదర్బారులో ఆయన సంపాదించిన ప్రశంసల కన్నా ఈ చూపులే ఎక్కువ కాలం నిలిచాయి.

2024 డిసెంబరు 25తో చర్చికి వందేళ్లు నిండాయి. ఆరోహణ గవాక్షానికి 2027లో నూరేళ్లు నిండుతాయి. గాజులో కాలిన గీత తరాలు దాటినా చెదరదు. దానిని పట్టి నిలిపే సీసపు పట్టీలు మాత్రం నూరేళ్లు దాటాక సడలే అవకాశం ఉంటుంది. ఎండ, వాన, గాలి తాకిడిని తట్టుకోవాలంటే నిపుణుల పర్యవేక్షణ, ఎప్పటికప్పుడు మరమ్మతు తప్పనిసరి. గోపురాన్ని చూసినంత శ్రద్ధగా గాజునూ చూసుకుంటేనే కరవు కాలపు కూలీల చెమట, సైకిళ్ల దుకాణపు కుర్రవాడి నేర్పు రాబోయే తరాలకు ఒకే వెలుగులో కనిపిస్తాయి.