మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు - ఇంజనీరుల పరిషత్తు

ఏలూరు పట్టణమున గోదావరి కాలువయు కృష్ణ కాలువయు గలిసికొనుచున్నవి. ధవళేశ్వరము కడ గోదావరిని విడిచిన నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా వచ్చుచుండగా, బెజవాడ కడ కృష్ణను విడిచిన నీరు పడమటినుండి వచ్చుచున్నది. దక్షిణమున రెండు డెల్టాల నడుమ కొల్లేరు పరచుకొనియున్నది. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు మున్నగు ఏళ్ల నీరంతయు నందు జేరి ఉప్పుటేటి మార్గమున సముద్రమును గలియవలసియున్నది. ఇట్టి దేశమున భూవసతి గలవాడును, పట్టణమున గాపురముండువాడును గట్లను, లాకులను, తూములను నమ్ముకొని బ్రదుకుచున్నారు. వైద్యుని మనము ఎఱుగుదుము, వకీలును ఎఱుగుదుము, గట్టు కట్టించిన ఇంజనీరును మాత్రము ఎఱుగము. వాని పని మంచిదో చెడ్డదో వరద వచ్చినదాక మనకు దెలియదు. కావున ఇంజనీరు ఎవరికి జవాబుదారి యను ప్రశ్న పండితులకు విడిచిపెట్టదగినది కాదు. అది మన చేని గట్టు మీద నిలిచియున్న ప్రశ్న.

దీనికి ఆ వృత్తివారే యొక సమాధానము కనుగొనిరి. 1818లో లండను నగరమున కొందఱు యువకులు ఒక కాఫీశాలలో గూడి సివిల్ ఇంజనీరుల సంస్థను స్థాపించిరి. రెండేండ్లకు, వంతెనలకును రహదారులకును ప్రఖ్యాతి వడసిన టామస్ టెల్‌ఫర్డు దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. 1828లో రాజశాసనము లభించెను. ఒకడు చేసిన పనిని తక్కినవారి యెదుట వ్రాసి చదువుట, వారు దానిని విమర్శించుట, తప్పు దొరికినచో దిద్దుకొనుట, పనియెఱుగనివానిని చేర్చుకొనకుండుట - పరిషత్తు చేయు పని యిదియే. యజమాని జీతమిచ్చును, సర్కారు హోదా నిచ్చును, తోడివారి పరీక్షకు నిలిచిన గౌరవమును మాత్రము పరిషత్తే యీయగలదు.

మన దేశమున ఈ తలుపు చాలకాలము మూసియేయుండెను. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరపు ఆనకట్ట కట్టినప్పుడు ఆర్థరు కాటనునకు కుడిభుజమై నిలిచిన వీణం వీరన్నగారు మన తెలుగువారే. అట్టి దక్షునకైనను సరిసమానులతో గూర్చుండి తన పనిని గూర్చి చెప్పుకొనుటకు ఈ దేశమున ఇంజనీరుల సభ యొకటియు నాడు లేకుండెను. ఈ లోటు దీరినకాలమును తమ నూఱేండ్ల జీవితమున ఇముడ్చుకొన్న మహనీయులు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండమునుండి మైసూరు సీమకు వలసపోయిన తెలుగు బ్రాహ్మణులు. ఆయన 1861 సెప్టెంబరు 15వ తేదీన చిక్కబళ్లాపురమునకు సమీపమున నున్న ముద్దెనహళ్లి గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరులో పిల్లలకు చదువు చెప్పి పొట్టపోసికొనుచు బి.ఏ. ముగించిరి. పిదప మైసూరు సర్కారువారి విద్యార్థివేతనముతో పూనా సైన్సు కళాశాలలో జేరి 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథమస్థానమున నిలిచిరి. మఱుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా బ్రవేశించిరి.

ఉద్యోగమున జేరిన మూడేండ్లకు, 1887లో, ఆయన లండను సివిల్ ఇంజనీరుల సంస్థలో సహసభ్యులైరి. అప్పటికి వయస్సు ఇరువదియాఱు దాటలేదు. ఆ సంస్థతో ఆయన సంబంధము అర్ధశతాబ్దమునకు మించి సాగెను. పేరు చివర నాలుగక్షరములు తగిలించుకొనుటకే సభ్యత్వము కోరువారు అప్పుడును గలరు, ఇప్పుడును గలరు. విశ్వేశ్వరయ్యగారు దానికి దగిన పని చేసి చూపిరి. సింధులోని సుక్కూరు పట్టణమునకు 1895లో మంచినీటి యేర్పాటు చేసిరి. పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయపు అలుగు మీద తామే కల్పించిన స్వయంచాలక ద్వారములను 1903లో అమర్చిరి. నీరు నిర్ణీతమట్టము మించగానే ఆ తలుపులు తమంత లేచి వరదను విడుచును. మట్టము తగ్గగానే తమంత మూతపడును. కట్టను పెంచకయే నీటినిలువ పెరిగెను. ఈ కల్పనకు పేటెంటు పొందియు, సర్కారు ఉద్యోగిగా నుండి చేసిన పనికి ప్రతిఫలము పుచ్చుకొనుట తగదని రాయల్టీని నిరాకరించిరి. దక్కను కాలువల క్రింద నీరు కొందఱికే దక్కక పెక్కు గ్రామములకు వంతులవారిగా నందునట్లు బ్లాకు పద్ధతిని ప్రవేశపెట్టిరి. కాలువ చివర భూములున్న మన రైతులకు ఆ పద్ధతి విలువ వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఇంత చేసినను బొంబాయి ప్రభుత్వమున చీఫ్ ఇంజనీరు పదవి భారతీయునకు లభించునను ఆశ నాడు లేకుండెను. ఆయన 1908లో ఉద్యోగము వదలి విదేశయాత్రకు బయలుదేరిరి. యాత్రలో నుండగనే నిజాము ప్రభుత్వమునుండి పిలుపు వచ్చెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసియుండెను. వేలకొలది జనులు మడిసిరి. 1909లో విశ్వేశ్వరయ్యగారు వచ్చి మొట్టమొదట చేసిన పని కట్టడము గాదు, లెక్క. ఎగువ ప్రాంతమున ఎంత వాన కురిసినది, ఎన్ని చెఱువులున్నవి, వానిలో నెన్ని తెగినవి, ఆ నీరు ఏ గడియకు నగరము చేరినది - ఇవన్నియు ఆరాతీసిరి. ఎగువనున్న వందలకొలది చెఱువులలో రెండువందలకు పైగా తెగి, వాన వరదకు చెఱువుల వరద తోడయ్యెనని తేలెను. నగరమున గట్లు ఎత్తు చేసినంతమాత్రమున చాలదని ఆయన నిర్ణయించిరి. వరదను ఎగువనే పెద్ద జలాశయములలో ఆపి, నది భరింపగలిగినంత మేరకే దిగువకు విడువవలెనని అదే సంవత్సరము అక్టోబరులో నివేదిక సమర్పించిరి. మూసీ మీద ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీ మీద హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. నగరమునకు రక్షయు మంచినీరును ఒక్క యుపాయముననే సమకూడెను.

1909 చివర మైసూరు చీఫ్ ఇంజనీరై, 1912 మొదలు 1918 వఱకు ఆ సంస్థానమునకు దివానుగా నుండిరి. దివాను పదవి నంగీకరించుటకు ముందు బంధువులను బిలిచి, తమవలన సిఫారసులు కోరరాదని మాట పుచ్చుకొనుట లోకవిదితము. కావేరి మీద కృష్ణరాజసాగరము 1911లో ఆరంభమై 1931లో ముగిసెను. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల వెలసెను. ఆ కాలమున మైసూరు విద్యాశాఖలో పనిచేసినవారిలో కట్టమంచి రామలింగారెడ్డిగారు ఒకరు. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులైన ఆ రెడ్డిగారి పేరనే 1945లో ఏలూరున కళాశాల స్థాపితమయ్యెను.

ఇక మన దేశపు పరిషత్తు సంగతి. 1916లో నియమితమైన పారిశ్రామిక కమీషనునకు సర్ టామస్ హాలండు అధ్యక్షుడు. ఈ దేశమున ఇంజనీరులకు స్వంత సంస్థ యుండవలెనను తలంపు ఆ కమీషను కాలముననే బలపడెను. 1919 జనవరిలో కలకత్తాలో సన్నాహసంఘ మేర్పడెను. 1920 సెప్టెంబరు 13వ తేదీన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) కంపెనీల చట్టము క్రింద రిజిష్టరయ్యెను. ఆ రిజిస్ట్రీ జరిగినది మన మద్రాసున. మఱుసటి ఫిబ్రవరిలో కలకత్తాలో ప్రారంభోత్సవము జరిగెను. విక్టోరియా స్మారకమందిరమును కట్టించిన సర్ రాజేంద్రనాథ ముఖర్జీగారు దాని తొలి యధ్యక్షులలో నొకరు. 1935లో రాజశాసనము వచ్చెను. లండను సంస్థకు నూఱేండ్లకు బూర్వము దొరికిన హోదా మనవారికి అప్పటికి దొరికెను.

ఈ సంస్థ చేసిన పనులలో సామాన్యునకు మిక్కిలి యుపకరించినది దాని పరీక్ష. కళాశాలకు బోవుటకు డబ్బులేక, ఓవర్సీయరుగానో, కార్ఖానా పనివాడుగానో చేరినవాడు ఉద్యోగము చేసికొనుచునే చదివి, ఎ, బి విభాగములలో గృతార్థుడైనచో సహసభ్యుడగును. ఆ యుత్తీర్ణతకు ఇంజనీరింగు పట్టముతో సమానముగ ప్రభుత్వపు గుర్తింపు చిరకాలము నడచి, 2013 మే వఱకు చేరినవారికి వర్తించెను. వీరన్నగారి కాలమున లేని తలుపు ఈ విధముగ తెఱువబడెను.

ఆ సంస్థ 1943లో విశ్వేశ్వరయ్యగారిని గౌరవ ఆజీవసభ్యులుగా నెన్నుకొనెను. 1953లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు డాక్టరు బిరుదముతో సత్కరించెను. 1955లో భారతరత్నము లభించెను. 1962 ఏప్రిల్ 14వ తేదీన బెంగుళూరులో కీర్తిశేషులైరి. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 15ను ఇంజనీరుల దినముగా దేశమంతట జరుపుచున్నారు. హైదరాబాదు ఖైరతాబాదులో పరిషత్తు భవనము ఆయన పేరనే యున్నది.

అయినను పూలదండలతో ఋణము తీరదు. న్యాయవాదులను కట్టడిచేయు చట్టము 1961లోనే వచ్చినది. స్వాతంత్ర్యము వచ్చి డెబ్బదియేండ్లు దాటినను ఇంజనీరులకు దేశవ్యాప్తమగు అట్టి చట్టము రాలేదు. కావున పరిషత్తున జేరుటయు, దాని నియమమునకు లోబడుటయు వాని వాని యంతరాత్మకు వదలబడెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేటి గట్లు తెగి విజయవాడలో పెక్కు పేటలు దినములతరబడి నీట నానెను. ఆ యేటి నీరు చివరకు చేరవలసినది మన కొల్లేరే. సరస్సు గర్భమున చేపల చెఱువుల గట్లు వేసినవారును, 2006లో వానిని కొట్టించినవారును, నీరు వెళ్లు త్రోవ యెంత మిగిలినదను లెక్కను తప్పించుకొనలేరు. మూసీవరద తరువాత విశ్వేశ్వరయ్యగారు వేసినది సరిగా ఆ లెక్కయే. వరద వచ్చిన పిదప గాక ముందే ఆ లెక్క వేయువారు మనకు గావలెను.

తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాలయము వెలసినది. ఏలూరు చుట్టునను ఇంజనీరింగు కళాశాలలు గలవు. అచట చదువు మన పిల్లలకు పట్టమొకటియే చాలదు. తమ లెక్కను తోడివారి యెదుట పెట్టి విమర్శకు నిలుచు అలవాటు గావలెను. పై యధికారి మెచ్చినను తప్పును తప్పనగల నిబ్బరము గావలెను. భూస్వాములును పురప్రముఖులును చేయదగిన పనియు నొకటి గలదు. గట్టో వంతెనయో కట్టబడునపుడు కంట్రాక్టరు పేరుతోపాటు లెక్క వేసినవారి పేరును అడుగుడు. అడుగువారున్నచోటనే జవాబు చెప్పువారు పుట్టుదురు. విశ్వేశ్వరయ్యగారు తమ లెక్కల క్రింద తామే సంతకము చేసి జీవితమంతయు దానికి నిలబడిరి. మన కాలువల దేశమునకు అట్టి సంతకములు నేడు గావలెను.