కర్నూలు కడపటి నవాబు గులాం రసూల్ ఖాన్

కర్నూలు నగరంలో ఠీవిగా నిలిచిన కొండారెడ్డి బురుజును మనలో చూడనివారుండరు. ఆ కోటను చివరిసారిగా ఏలిన గులాం రసూల్ ఖాన్ కథ తెలిసినవారు మాత్రం కొందరే. ఆ కథను విద్యార్థి మిత్రులకు క్లుప్తంగా నివేదించుటయే మా ఉద్దేశం.

నవాబు అలఫ్ ఖాన్ కుమారులలో ఒకరైన ఆయన 1823లో గద్దె నెక్కారు. అప్పటికే, 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ధారపోయగా, చుట్టూ ఉన్న కడప, బళ్లారి సీమలు కలెక్టర్ల ఏలుబడిలోనికి పోయినవి. కర్నూలు నవాబులు మాత్రం ఏటా లక్ష రూపాయల పేష్కషు చెల్లిస్తూ తమ సంస్థానాన్ని నిలుపుకొన్నారు.

ఇంతలో దూరదేశపు యుద్ధమొకటి ఈ సీమకు పెనుముప్పై వచ్చింది. 1837లో పర్షియా సేనలు, రష్యా ప్రోత్సాహంతో, హీరాత్ నగరాన్ని ముట్టడించాయి. 1838లో ఆంగ్లేయులు అఫ్ఘనిస్థానంపై యుద్ధానికి దిగారు. పర్షియా, రష్యాల బలగాలు హిందూస్థానానికి తరలివస్తున్నాయనే వదంతి పుట్టింది. కొందరికి అది ఆశ. కంపెనీ అధికారులకు అది భయం. హైదరాబాదులో సయ్యద్ అహ్మద్ బరేల్వీ అనుయాయులకు అండగా నిలిచిన నిజాం సోదరుడు ముబారిజుద్దౌలాను 1839లో గోల్కొండ కోటలో నిర్బంధించారు. ఆ కుట్రలో కర్నూలు నవాబుకూ పాలున్నదని శంకించి, అక్టోబరులో సైన్యాన్ని పంపారు.

కోట ఎదిరింపు లేకుండానే వశమైనది. అయితే అంతఃపుర ఉద్యానాలలో దాచిన ఫిరంగులు, మందుగుండు, పోతకొలుములు బయటపడినవి. అక్టోబరు 18న, ఊరి చెంతనున్న జొహరాపురం వద్ద, నవాబు వెంటనున్న అరబ్బు, రోహిల్లా, పఠాను యోధులు కంపెనీ సేనతో పోరాడి ఓడిపోయారు. నవాబు బందీ అయి తిరుచిరాపల్లికి పంపబడ్డారు. మరుసటి సంవత్సరం, 1840లో, అక్కడే హత్యకు గురైనారు. సంస్థానం కంపెనీ వశమై, 1858లో మద్రాసు రాజధానిలో ఒక జిల్లాగా ఏర్పడినది.

మేము గమనించినది ఒక్కటే. తోటలో ఆయుధాలు దొరకుట వాస్తవం. వాటిని ఎవరిపై, ఎప్పుడు ప్రయోగించదలచారో నవాబు హృదయానికే తెలియాలి. హీరాత్ దారిన వస్తుందన్న సేన ఏనాడూ రాలేదు. జొహరాపురంలో నెత్తురు చిందించినవారు నవాబు వెంట నిలిచిన యోధులే. పరుల బలంపై పెట్టుకొన్న ఆశ ఎంత బలహీనమో, వదంతికి బెదరిన అధికారం ఎంత కఠినమో ఈ జీవితం బోధిస్తున్నది. ఇకపై ఆ బురుజు నీడన నడిచేటప్పుడు విద్యార్థులు ఆ కడపటి నవాబును ఒకసారి స్మరించెదరు గాక!