డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఉదయమున ప్రార్థన చేసి, అటుపిమ్మట విజ్ఞానశాస్త్రపు తరగతిలో కూర్చుండు బాలబాలికలకు ఒక సందేహము కలుగుట సహజము. దైవభక్తియు శాస్త్రవిద్యయు ఒకే హృదయమున నిలువగలవా? ఈ ప్రశ్నను యౌవనముననే ఎదుర్కొనిన ఒక తెలుగువారి చరిత్రమును సంగ్రహముగా చెప్పెదను. వారి మతము వేరు, మనలో పలువురి మతము వేరు; సందేహము మాత్రము ఒక్కటే.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసునందు ఉత్తీర్ణులైరి. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా వారి మనస్సు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్న్యసించి దీనులకు సేవ చేయగోరిరి. తల్లి సమ్మతింపలేదు. ఆమె యనుజ్ఞ లేనిదే మఠమువారును చేర్చుకొనలేదు. వైద్యము నేర్చినచో ఆ సేవనే మేలుగా చేయవచ్చునని బోధించిరి. అంతట వారు మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి.

పిమ్మట ఇంట పిడుగు పడినట్లయ్యెను. సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొలదిదినముల వ్యవధిలో మరణించిరి. సుబ్బారావుగారికిని ఆ వ్యాధియే సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికిరి.

మామగారును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధివారును ద్రవ్యసహాయము చేయగా, అమెరికాలోని బోస్టను చేరిరి. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు కొలువు. ఫిస్కేగారితో కలిసి, శరీరద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ కొలతయే దారిచూపగా, కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటినును 1927లోను, అడినోసిన్ ట్రైఫాస్ఫేటును 1929లోను గుర్తించిరి. ఎవరికొరకు పాటుపడవలెనో భక్తి చెప్పగలదు. కండరమున భాస్వరమెంత యున్నదో చెప్పజాలదు. అందుకు త్రాసును, ఓరిమియు వలయును. సుబ్బారావుగారు రెంటిలో దేనిని రెండవదాని పీఠమున కూర్చుండబెట్టలేదు.

1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరి, అచ్చట పరిశోధనలకు అధిపతియైరి. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొనిన స్ప్రూవ్యాధి చికిత్సలో అది దివ్యౌషధమయ్యెను! 1947లో బోదకాలునకు హెట్రజాను వెలువడెను; తెలుగునాట ఇంటింట పంచిపెట్టబడిన బోదకాలు మాత్రలు ఈ మందే. ఫోలిక్ ఆమ్లమునకు విరోధియగు అమినోప్టెరినుతో సిడ్నీ ఫార్బరుగారు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగించిరి. 1948లో డగ్గరుగారు కనుగొనిన ఆరియోమైసినును వీరి నాయకత్వముననే వెలుగుచూచెను.

ఈ సేవకు మూల్యమును కలదు. సుబ్బారావుగారు స్వదేశమునకు మరల రాలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిపోయిరి. కాషాయము ధరింపనివాని ఇంటివారును సన్న్యాసి ఇంటివారి ఎడబాటునే అనుభవించిరి. దీనిని మరచి వారిని కీర్తించుట న్యాయముకాదు. 1948 ఆగస్టులో, 53వ యేట, వారు అమెరికాలోనే కన్నుమూసిరి.

మన రఘునాథపల్లి బాలబాలికలలో ఎవరైనను ప్రార్థనకును ప్రయోగశాలకును నడుమ నిలిచి, దేనిని విడువవలెనని చింతించుచున్నచో, ముందుగా వేరొక ప్రశ్న వేసికొనుడు: ఎవరి బాధ తీర్చుటకై నేను చదువుచున్నాను? దానికి ఉత్తరము దొరకినవారు, పరీక్షలో రెండుమారులు తప్పినను, మూడవమారు పుస్తకము తెరువగలరు.