కలివి కోడిని లోకానికి చూపించిన డాక్టర్.. భద్రాచలం వైపు తెగిపోయిన జాడ

భద్రాచలం అంటే రామయ్య గుడి, గోదావరి. పక్షులపై పరిశోధన చేసేవాళ్లకు మాత్రం ఈ పేరు ఇంకోటి కూడా గుర్తుచేస్తుంది. ప్రపంచంలోనే అత్యంత అరుదైన పక్షుల్లో ఒకటైన కలివి కోడి 19వ శతాబ్దంలో ఇక్కడ తిరిగింది. దాన్ని లోకానికి పరిచయం చేసింది ఓ మిలటరీ డాక్టర్.. థామస్ జెర్డాన్.

1811లో ఇంగ్లండ్‌లో పుట్టిన జెర్డాన్ ఎడిన్‌బరోలో చదివారు. 1836లో ఈస్టిండియా కంపెనీ సర్జన్‌గా మద్రాసు చేరారు. గంజాం, జాల్నా తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్ అయ్యారు. వైద్యం ఉద్యోగం.. పక్షులు, పాములు, చీమలు ప్రాణం! నెల్లూరులో ఆయన యానాదుల దగ్గర కూర్చుని అడవి సంగతులు తెలుసుకునేవారు. దొరల కాలంలో అది మామూలు విషయమేం కాదు.

మెడ కింద, ఛాతీపై రెండు పట్టీలున్న పక్షి ఆయన దృష్టిలో పడింది అప్పట్లోనే. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టారు. జనం నోట మాత్రం జెర్డాన్ పేరే నిలిచింది. తర్వాత విలియం బ్లాన్‌ఫోర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త సిరొంచ, భద్రాచలం దగ్గర గోదావరి లోయలోనూ దాన్ని నమోదు చేశారు.

1862-64 మధ్య భారతదేశపు పక్షులపై జెర్డాన్ గ్రంథం వెలువడింది. 1872లో ఇంగ్లండ్‌లో ఆయన కన్నుమూశారు. 1900లో అనంతపురం వైపు కనిపించాక ఆ పక్షీ మాయమైంది. అంతరించిందనే అనుకున్నారు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్‌కు దారి చూపింది ఈసారీ స్థానిక వేటగాళ్లే. 1988లో లంకమల్ల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. కేంద్రం పునరుద్ధరణ జాబితాలోనూ ఈ పక్షికి చోటుంది.

చిక్కంతా ఒక్కటే.. దానికి కావాల్సింది దట్టమైన అడవి కాదు, మధ్యమధ్య ఖాళీలున్న ముళ్లపొదల నేల. మన లెక్కలో అది ఉత్త బీడు. దున్నేస్తాం, లేదంటే మొక్కలు నాటేస్తాం. కాపాడే పని ఇప్పటికీ కడప చుట్టూనే సాగుతోంది. భద్రాచలం వైపు బ్లాన్‌ఫోర్డ్ కాలం తర్వాత ధ్రువపడిన జాడ లేదు.