గుంటూరు డాక్టరమ్మ కుగ్లర్ దొరసానిగారు

మందు ఊరిలో ఉండుట యొకటి, రోగి దానియొద్దకు వచ్చుట మరియొకటి. కపెర్నహూములో పక్షవాయువుగలవానిని నలుగురు మోసికొని వచ్చిన సంగతి మనమందరము ఎరుగుదుము. స్వస్థపరచువాడు ఇంటిలోనే యున్నను గుంపు అడ్డమాయెను. వారు కప్పు విప్పి మంచమును దించిరి. మార్కు సువార్త రెండవ అధ్యాయము చదువునప్పుడెల్ల మాకు కుగ్లర్ దొరసానిగారు జ్ఞాపకమునకు వచ్చుచుందురు.

అన్నా సారా కుగ్లర్‌గారు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో పుట్టిరి. 1879లో ఫిలదెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో పట్టము పొందిరి. గుంటూరులో వైద్యురాలి అక్కర యున్నదని తెలిసి ఆమె సిద్ధపడగా, పంపవలసిన లూథరను స్త్రీల సంఘము అప్పటికింకను వైద్యపనికి సిద్ధముగా లేదు. బోధకురాలిగా మాత్రమే పంపిరి. 1883 నవంబరులో ఆమె గుంటూరు చేరిరి. ఆమెకు ఒప్పగించినది స్త్రీలకును ఆడపిల్లలకును బోధ. అయినను మిగిలిన వేళలలో రోగులను చూచుచుండిరి. 1885లోగాని ఆమెకు వైద్య మిషనరీయను నియామకము కాలేదు. పంపినవారితో వాదించుటకంటె పని చూపి ఒప్పించిన తీరు మాకు మిక్కిలి నచ్చును.

అసలు కష్టము మందులలో లేదు. ఆ దినములలో ఘోషాలోనున్న స్త్రీ పురుష వైద్యునికి నాడి చూపదు. కాన్పులు మంత్రసాని చేతిలోనే. దొరసాని ముట్టినచో మైలయని, ఆమె వెళ్లిన పిమ్మట స్నానము చేసినవారు కలరు. ఇదంతయు అజ్ఞానమని కేకలు వేసి ఊరకుండుట సులభము. ఆమె ఆలాగు చేయక, రానివారి ఇండ్లకు తానే వెళ్లిరి. 1893లో మందుల ఇల్లు, 1898 జూనులో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరవబడెను. కేథరిన్ ఫాస్ నర్సమ్మగారి సహాయముతో తెలుగు యువతులకు నర్సు పని నేర్పిరి. మన మాట మాటలాడు పిల్ల మంచము ప్రక్కను నిలిచినప్పుడు రోగికి సగము భయము తీరును గదా.

పరుల చేతి వంట ముట్టనివారు ఆసుపత్రిలో దినములకొలది ఉండుటెట్లు? ఏలూరు రాజా భుజంగరావుగారు తమ కుటుంబమునకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఆసుపత్రి యెదుట సత్రము కట్టించిరి. రోగుల బంధువులు అచ్చట దిగి తమ వంట తామే చేసికొనుటకు వీలాయెను. ఈ మైల మాట నేటికిని మనవారిని గుచ్చును. దానిని మేము మెచ్చుకొనము. అయినను ఆ పొయ్యిల మూలముగా లోపలికి రాగలిగిన తల్లులను తలంచినప్పుడు, ఆ పొయ్యిలను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

ఆమె 47 సంవత్సరములు ఈ పనిలో ఉండి 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూసిరి. ఆ ఆసుపత్రికి ఆమె పేరే నిలిచెను.

ఆమె గతించిన కొంతకాలమునకు, 1950 ప్రాంతములలో, అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు క్షయ కనిపెట్టుటకు ఎక్స్‌రే బండ్లను జనుల ముంగిటికి తెచ్చినను అనేకులు రాలేదు. ఎందువలననని హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ మొదలగు పండితులు విచారించిరి. జబ్బు తనకును రావచ్చుననియు, వచ్చిన ప్రమాదమనియు, పరీక్షవలన మేలు కలదనియు మనుష్యుడు నమ్మవలెను. దారిలోని అడ్డులు ఆ మేలుకంటె చిన్నవిగా తోచవలెను. ఎవరైనను పిలువవలెను. ఆరోగ్యపు పని చేయువారికి నేటికిని నేర్పు సిద్ధాంతమిదే. సత్రపు పొయ్యిల సంగతి తెలిసినవారికి ఇది క్రొత్తగా తోచదు.

మన కీసర ప్రక్క, మున్నేటి యొడ్డు పల్లెలలో, మిరపకోతల దినములలో పగలు పది గంటలకు శిబిరము పెట్టి, కూలిజనులు రాలేదని నిందించుట కలదు. ఆ దినపు కూలి పోయిన యెడల రాత్రి ఎసటిలో ఏమి పోయుదురు? క్షయ అని పేరు బయటపడినచో కుమార్తె పెండ్లి చెడునని దగ్గు దాచుకొను తల్లికి గోడమీది కాగితము ఏమి చేయును? కావున ఈసారి ఆశా కార్యకర్త వచ్చినప్పుడు, శిబిరమును దీపాలు పెట్టిన తరువాత మందిరపు వసారాలో పెట్టుమని అడుగదలచితిమి. సంఘపెద్దలలో ఇద్దరు అందరికంటె ముందుగా తామే తెమడ పరీక్షకు ఇచ్చెదమని ఒప్పుకొనిరి.