జార్జి హంటింగ్టన్

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున లాంగ్ ఐలండు అను దీవి కలదు. అందలి ఈస్ట్ హాంప్టన్ గ్రామమున 1850వ సంవత్సరమున జార్జి హంటింగ్టన్ జన్మించెను. ఆయన తండ్రియు, తాతయు వైద్యులే.

బాల్యమున ఒకనాడు జార్జి తండ్రితో కూడి బండిపై పోవుచు, దారిలో ఇద్దరు స్త్రీలను చూచెను. వారు తల్లీకూతుళ్లు. వారి దేహములు నిలుకడలేక మెలికలు తిరుగుచుండెను. ఆ దృశ్యము బాలుని మనస్సున చెరగని ముద్ర వేసెను.

ఆయన 1871లో వైద్యపట్టము పొంది, మరుసటి యేడు 21 ఏండ్ల వయస్సున ఆ వ్యాధిని గూర్చి ఒక సభలో వ్యాసము చదివెను. తాతతండ్రుల కాలమునుండి వచ్చిన రోగుల వివరములు ఆయనకు మిక్కిలి తోడ్పడెను. ఈ రోగము తలిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించుననియు, దానిని తప్పించుకొన్న బిడ్డ సంతతికి ఇక భయము లేదనియు ఆయన తెలిపెను. రోగము పేరెత్తుటకే వెరచు కుటుంబములకు ఈ మాట ఎంత విలువైనదో ఊహింపుడు!

హంటింగ్టన్ పల్లెవైద్యుడుగనే జీవించి 1916లో మరణించెను. వ్యాధికి మాత్రము ఆయన పేరే నిలిచెను.

దాని మూలకారణము 1993లో బయటపడెను. మన డి.ఎన్.ఏ.లో నాలుగవ క్రోమోజోముపై ఒకచోట సి, ఏ, జి అను మూడక్షరములు వరుసగా మరల మరల వచ్చును. ఈ ఆవృత్తులు సాధారణముగా 35కు మించవు. అవి 40గాని, అంతకు ఎక్కువగాని యైనచో, నడివయస్సున మెదడులోని నాడీకణములు క్రమముగా నశింపసాగును. తల్లికిగాని, తండ్రికిగాని ఈ దోషమున్నచో ప్రతి బిడ్డకును అది సంక్రమించు అవకాశము సగము. రోగమును పూర్తిగా మాన్పు మందు ఇంకను లభింపలేదు.

సూక్ష్మ పరికరము లేవియు లేకయే, కేవలము శ్రద్ధతో చూచి, ఓపికతో విచారించి, ఒక యువకుడు ఇంతటి సత్యమును గ్రహించెను. పరిశీలనయే విజ్ఞానమునకు తొలిమెట్టు.