సర్ టైటస్ సాల్టు జీవితము

లోకమున ధనము గడించిన వర్తకులు పెక్కుమంది కలరు. కాని తాము ధనము గడించుచుండగా ఇరుగుపొరుగువారి గాలియు నీరును ఎంత పాడగుచున్నవో యని విచారించినవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో ఇంగ్లండు దేశపు ఉన్ని వర్తకుడగు సర్ టైటస్ సాల్టు ఒకడు. కర్మాగారముల పొగయు, పారవేసిన వస్తువుల కుప్పలును నేడు సకల దేశములను బాధించుచున్నవి గనుక, ఇతని చరిత్రమును మన విద్యార్థులకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

టైటస్ సాల్టు 1803వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన యార్కుషైరులో, లీడ్సు నగరమునకు సమీపముననున్న మోర్లీ అను ఊర జన్మించెను. తండ్రి పేరు డేనియల్ సాల్టు. ఆ కుటుంబము కొంతకాలము వేక్‌ఫీల్డు చెంత వ్యవసాయము చేసి, 1822లో బ్రాడ్‌ఫర్డు పట్టణము చేరెను. టైటస్ అచ్చట ఒక మిల్లులో కుదిరి, ఉన్నిని వేరుచేయుట, కడుగుట, దువ్వుట, వడకుట మొదలగు పనులను స్వహస్తములతో నేర్చుకొనెను. పిమ్మట 1824లో తండ్రి వ్యాపారమున చేరెను. 1830లో కారొలైన్ విట్లాం అను కన్యను వివాహమాడెను. వారికి పదునొకండుగురు సంతానము కలిగిరి.

ఇతని అభ్యుదయమునకు మూలము ఇతరులు పనికిరాదని త్రోసివేసిన పదార్థమే. రష్యా దేశమున డాన్ నదీ ప్రాంతమునుండి వచ్చు ఉన్ని ముతకగను చిక్కులుపడియు ఉండుటచే, బ్రాడ్‌ఫర్డు మిల్లుదారులెవ్వరును దానిని ముట్టరైరి. సాల్టు కొనుమని వారిని వేడి చూచి, ఫలము లేకపోగా, తానే ఒక మిల్లును అద్దెకు తీసికొని ఆ ఉన్నిని వడికించి మంచి బట్ట నేయించెను. అంతట నవ్వినవారే కొనవచ్చిరి.

1836లో ఇతడు లివర్‌పూలు రేవున ఒక గిడ్డంగిలో సుమారు 300 బేళ్ల విచిత్రమైన ఉన్ని దుమ్ముపట్టి పడియుండుట చూచెను. అది ఆల్పాకా అను జంతువు ఉన్ని. ఆల్పాకా దక్షిణ అమెరికాలో పెరూ దేశపు కొండలపై పెంచబడును. ఒంటె వంశమునకు చేరినది. అంతకు ముందు కొందరు దానితో బట్ట నేయ యత్నించిరి గాని లాభము పొందలేదు. సాల్టు దానిలో కొంత తెచ్చి, కడిగి, దువ్వి, పోగుల పొడవును పరీక్షించెను. తండ్రియు మిత్రులును వలదని వారించిరని చెప్పుదురు. అయినను ఇతడు వెనుదీయక ఆ సరకును కొనెను. తుదకు నూలు పడుగునకు ఆల్పాకా పేకను చేర్చి నేయించగా, పట్టువలె మెరయు తేలికయైన బట్ట వచ్చెను. ఆ బట్ట ఇంగ్లండు స్త్రీలకు మిక్కిలి ప్రియమై, సాల్టును మహా ధనవంతుని చేసెను. పరికించి చూచువానికి వ్యర్థమనునది మిక్కిలి స్వల్పమని దీనివలన తెలియుచున్నది.

అయితే ఆ ధనము పుట్టిన పట్టణము స్థితి యెట్లుండెను? 1801లో బ్రాడ్‌ఫర్డు జనసంఖ్య సుమారు 13,000. 1851 నాటికి లక్ష దాటెను. ఇన్నూటికి మించిన పొగగొట్టములు రేయింబవళ్లు నల్లని పొగను గ్రక్కుచుండెను. ఇండ్ల మురుగును మిల్లుల మలినమును ఊరి వాగులోనికి పోవుచుండెను. 1849లో కలరా వ్యాపించి నాలుగు వందలమందికి పైగా మరణించిరి. వారిలో అధికులు బీదలు. లాభము యజమానుల యింటికి పోయెను. పొగయు రోగమును కూలివాండ్ర యింటికి పోయెను.

సాల్టు ఈ సంగతిని కనులార చూచినవాడు. రాడ్డా పొగనివారణ యంత్రమను సాధనము బొగ్గును పూర్తిగా మండించి పొగను చాలవరకు తగ్గించునని తెలిసికొని, దానిని తన మిల్లులలో అమర్చెను. 1848లో ఇతడు పట్టణమునకు మేయరు అయ్యెను. మిల్లుదారులందరును ఆ యంత్రమును విధిగా వాడునట్లు నియమము చేయుడని పురపాలక సభను కోరెను. కాని మిల్లుదారులు ఖర్చునకు జంకి, పొగవలన హాని లేదని వాదించి, అడ్డుపడిరి. మేయరు మాట చెల్లలేదు. ఒక్కడు తన పొగను తగ్గించుకొన్నను తక్కినవారు మానకున్నచో ఊరి గాలి బాగుపడదు. సద్బుద్ధికి తోడుగా చట్టము ఏల యుండవలయునో ఈ యపజయమే చెప్పుచున్నది.

అప్పటికి సాల్టు ఏబదియేండ్లకు సమీపించుచుండెను. వ్యాపారము విడిచి పల్లెలో సుఖముగా జీవింపవలెనని తలంచుచుండినవాడు, ఆ తలంపు మానుకొని, బ్రాడ్‌ఫర్డునకు సుమారు మూడు మైళ్ల దూరమున ఏర్ నది యొడ్డున నేల కొనెను. చెంతనే కాలువయు రైలు మార్గమును ఉండెను. 1851లో పని మొదలయ్యెను. తన యింటిపేరును నది పేరును కలిపి ఆ యూరికి సాల్టేర్ అని పేరు పెట్టెను. 545 అడుగుల పొడవుగల మహా కర్మాగారము 1853 సెప్టెంబరు 20వ తేదీన, అనగా ఇతని యేబదియవ జన్మదినమున, తెరువబడెను. యంత్రములను త్రిప్పు ఇరుసులలో చాలభాగము నేలక్రింద నమర్చి చప్పుడును తగ్గించిరి. కప్పులపై పడు వాన నీటిని నేలక్రింద 5 లక్షల గ్యాలనుల తొట్టిలో నిలువచేసి, వడబోసి, మిల్లు పనులకు వాడిరి. ఆకాశము ఊరక యిచ్చిన నీటిని పోగొట్టుకొనరాదను వివేకము ఇందు కనబడుచున్నది.

పిమ్మట పనివారికై ఎనిమిది వందలకు పైగా రాతియిండ్లు కట్టించెను. ప్రతి యింటికిని నీటి వసతియు గ్యాసు దీపమును మరుగుదొడ్డియు ఏర్పరచెను. స్నానశాలలు, బట్టలుతుకు శాల, 1859లో దేవాలయము, పాఠశాలలు, వృద్ధులకు 45 ఉచిత గృహములు, గ్రంథాలయముతో కూడిన సభామందిరము, 1871లో 14 యకరముల ఉద్యానవనము క్రమముగా వెలసెను. సారాయంగళ్లకు మాత్రము తావీయలేదు. 1859 మొదలు 1861 వరకు ఇతడు పార్లమెంటు సభ్యుడుగా నుండెను. 1869లో బారొనెట్ బిరుదము పొందెను.

గొప్పవారి చరిత్రము వ్రాయునప్పుడు లోపములను దాచుట న్యాయము కాదు. బాలురచే పనిచేయించుటను తగ్గించు చట్టములకు సాల్టు అనుకూలుడు కాడు. నాటి దేశాచారము ననుసరించి ఇతని మిల్లులోను పిల్లలు సగము దినము పనిచేసి సగము దినము చదువుకొనుచుండిరి. 1868లో పనివారు జీతములకై సమ్మెకట్టిరి. ఇల్లును కొలువును ఒక్క యజమాని చేతనే యుండుట వారి స్వేచ్ఛకు కొంత బంధనమే. అయినను తన కర్మాగారము పెట్టు కష్టమునకు తానే బాధ్యుడనని ఒప్పుకొనిన యజమానులు ఆ కాలమున ఎందరు కలరు?

1876 డిసెంబరు 29వ తేదీన సాల్టు పరలోకగతుడయ్యెను. శవయాత్రను చూచుటకై సుమారు లక్షమంది దారి పొడుగునను నిలిచిరని అంచనా వేసిరి. సాల్టేర్ దేవాలయమును చేర్చి కట్టిన సమాధి గృహమున ఆయన దేహము నుంచబడెను. ఆ మిల్లు 1986లో మూతపడెను. దానిని పడగొట్టక, 1987లో జోనథన్ సిల్వర్ అను వర్తకుడు కొని చిత్రశాలగను అంగళ్లుగను మార్చెను. 2001లో యునెస్కో ఆ గ్రామమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. పారవేయదగినదను ఉన్నితో ఐశ్వర్యము పొందినవాని కట్టడము తానును పారవేయబడక తిరిగి పనికివచ్చుట తగియున్నది.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు వర్తకులును యజమానులును కాగలరు. లెక్క వ్రాయునప్పుడు కొనుగోలును అమ్మకమును మాత్రమే వ్రాసి ఊరకుండకుడు. మీ పనివలన పొరుగువాని గాలికిని నీటికిని కలిగిన నష్టమునుకూడ ఆ లెక్కలో చేర్చుడు. మనము పారవేసిన వస్తువు మన కంటికి కనబడకపోవచ్చును గాని, అది ఎవరి వాకిటనో పడియే తీరును. ఈ చిన్న సత్యమును గుర్తెరిగినచో సాల్టు చరిత్రము చదివిన ఫలము మీకు దక్కినట్లే యని మేము తలంచుచున్నాము.